టిగ్రే, తిగ్రాయ్, టిగ్రిన్యా: ఉత్తర ఇథియోపియా ప్రజలను తెలుగులో ఏమని రాయాలి?

డెస్క్ సుధ
అందరికీ నమస్కారం. నేను ఒక పత్రికలో క్రీడల పేజీ చూస్తాను. 2022లో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మహిళల పది వేల మీటర్ల పరుగు లెతెసెన్‌బెత్ గిదెయ్ గెలిచింది. మారథాన్ గొతితోమ్ గెబ్రెస్లాసె గెలిచింది. ఇద్దరిదీ ఇథియోపియా ఉత్తరాన ఉన్న ఒకే ప్రాంతం. అప్పటికి అక్కడ యుద్ధం నడుస్తోంది, ఫోన్లు లేవు, సొంతవాళ్ల క్షేమం తెలియని పరిస్థితి. వాళ్ల మీద ఆదివారం సంచికకు పెద్ద వ్యాసం రాస్తున్నాను.

ఇంగ్లిష్ వార్తల్లో వాళ్లను 'టిగ్రేయన్' అంటున్నారు. మా పాత ఫైళ్లు తిరగేస్తే 'టిగ్రే తెగ', 'టైగ్రే ప్రజలు', 'టిగ్రేయన్లు', 'టిగ్రిన్యన్లు' అని నాలుగు రకాలుగా ఉంది. ఇవన్నీ ఒకే ప్రజల పేర్లేనా? ఏది వాడితే సరిగ్గా ఉంటుంది? ఆ అమ్మాయిల ఊరివాళ్లు ఎవరైనా చదివితే 'మా పేరు సరిగ్గానే రాశారు' అనుకునేలా ఉండాలని నా కోరిక.

మెకెల్లే మాస్టారు
సుధ గారూ, మంచి ప్రశ్న వేశారు. మెకెల్లేలో కొన్నేళ్లు కాలేజీ పాఠాలు చెప్పాను. అక్కడి విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు లెక్చరర్లు చాలామందే పనిచేశారు కాబట్టి ఈ వేదికలో నాలాంటి వాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

ముందు ప్రాంతం సంగతి. ఇథియోపియా ఉత్తరపు అంచున ఉన్న రాష్ట్రం పేరు తిగ్రాయ్. రాజధాని మెకెల్లే. అక్సుమ్, అద్వా, అదిగ్రాత్ ఆ రాష్ట్రంలోవే. అక్కడి ప్రధాన ప్రజలు మాట్లాడే భాష తిగ్రిన్యా. మగవాడైతే తనను తాను 'తిగ్రావాయ్' అంటాడు, ఆడమనిషి 'తిగ్రావెయ్తి' అంటుంది, అందరినీ కలిపి చెప్పేటప్పుడు 'తెగారు' అంటారు. ఇంగ్లిష్‌లో టిగ్రేయన్ అనేది ఈ మూడింటికీ కలిపి వాడే మాట.

ఇప్పుడు అసలు చిక్కు. 'తిగ్రే' అని ఇంకో ప్రజ ఉంది. వాళ్లు ఉండేది ఎరిత్రియాలో, ఎక్కువగా పల్లపు ప్రాంతాల్లోనూ ఎర్ర సముద్రం వైపునా. చాలావరకు ముస్లింలు. వాళ్ల భాష పేరు కూడా తిగ్రే. తిగ్రిన్యా, తిగ్రే రెండూ ప్రాచీన గీజ్ భాషకు దగ్గర చుట్టాలే. కానీ ఒకరు మాట్లాడితే ఇంకొకరికి, నేర్చుకుంటే తప్ప, అర్థం కాదు. ఎరిత్రియాలో తిగ్రిన్యా తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష ఈ తిగ్రేనే.

మన పత్రికలు మెకెల్లే యుద్ధం గురించి రాస్తూ 'టిగ్రే ప్రజలు' అని రాస్తే, తెలియకుండానే ఆ రెండో ప్రజల పేరు రాసినట్టు అవుతుంది. అందువల్ల మీ నాలుగింటిలో మొదట తీసేయాల్సింది అదే.

లిపిప్రేమి
మాస్టారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర 'ఏ వై' ఉంది కదా అని మనవాళ్లు 'డే', 'వే' లాగా 'టిగ్రే' అని పలికేశారు. అసలు మాట చివర స్పష్టంగా 'రాయ్' అని ఉంది. వాళ్ల లిపిలో రా అనే అక్షరం, పక్కన య్ అనే అక్షరం విడివిడిగా రాస్తారు. గీజ్ లిపి మన లిపిలాగే హల్లుకు అచ్చు గుర్తును అంటించే పద్ధతిలో నడుస్తుంది. అందుకే మనకు ఇంగ్లిష్ మధ్యవర్తిత్వం అక్కర్లేదు, నేరుగా తెలుగులోకి దించుకోవచ్చు. మొదటి అక్షరం 'టి' అనాలా 'తి' అనాలా అంటే రెండూ నడుస్తాయి, నా ఓటు 'తి'కే. 'రాయ్' మాత్రం వదలకూడదు. తిగ్రాయ్ వేరు, తిగ్రే వేరు అని చదవగానే తెలిసేది అక్కడే.

గోదారిగట్టు
ఇక్కడ నాకో అనుమానం. ఎరిత్రియా రాజధాని అస్మారాలో కూడా తిగ్రిన్యానే మాట్లాడతారు కదా. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే భాష, ఒకే రకం చర్చి, ఒకే ఇంజెరా రొట్టె. అలాంటప్పుడు అందరినీ కలిపి తిగ్రాయ్ ప్రజలు అంటే తప్పేముంది? మనం తెలంగాణలో ఉన్నా ఆంధ్రలో ఉన్నా బళ్లారిలో ఉన్నా తెలుగువాళ్లమే కదా.

మెకెల్లే మాస్టారు
అన్నా, మన దగ్గర తెలుగు అనేది భాష పేరు, దాన్నే మనుషులకూ వాడుకున్నాం. తిగ్రాయ్ అనేది భాష పేరు కాదు, నేల పేరు. హైదరాబాద్ మనిషిని 'తెలుగువాడు' అంటే ఒప్పుకుంటాడు. 'ఆంధ్రావాడు' అంటే ఊరుకుంటాడా? అస్మారా మనిషిని తిగ్రాయ్ వాడు అనడం ఇలాంటిదే. పైగా అక్కడ మధ్యలో ఉన్నది దేశ సరిహద్దు. దాని మీద రెండుసార్లు నెత్తురు పారింది. కాబట్టి మన పోలిక ఇక్కడితో ఆపేయడం మంచిది.

జెద్దా కబుర్లు
నేను సౌదీలో ఎరిత్రియా వాళ్లతో కలిసి పనిచేస్తున్నాను. మా షిఫ్టులో తిగ్రాయ్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఒకే భాషలో మాట్లాడుకుంటారు, ఒకే పళ్లెంలో తింటారు. యాసలో మాత్రం తేడా ఉంటుంది. కానీ ఎరిత్రియా అతన్ని 'నువ్వు టిగ్రేయన్‌వా' అని ఎవరైనా అడిగితే వెంటనే 'కాదు, ఎరిత్రియన్‌ని' అంటాడు. ఇంకా లోతుకు వెళ్లి అడిగితే 'మా జాతి తిగ్రిన్యా' అంటాడు. అక్కడి ప్రభుత్వం గుర్తించిన తొమ్మిది జాతుల్లో తిగ్రిన్యా ఒకటి, తిగ్రే ఇంకొకటి. అంటే సరిహద్దు దాటితే తిగ్రిన్యా అన్నది భాష పేరు మాత్రమే కాదు, ప్రజల పేరు కూడా.

అందుకే తిగ్రాయ్ అమ్మాయిని 'టిగ్రిన్యన్' అని రాస్తే, ఎరిత్రియా జాతి పేరు ఆమెకు తగిలించినట్టు అవుతుంది. సుధ గారి లిస్టులో అది కూడా పోవాలి.

ఇంకో మాట. అగామె అని తిగ్రాయ్‌లో ఒక జిల్లా పేరు, అదిగ్రాత్ చుట్టుపక్కల ప్రాంతం. అక్కడి నుంచి పేదవాళ్లు కూలి పనులకు అస్మారా వెళ్లేవాళ్లు. దాంతో ఎరిత్రియాలో ఆ జిల్లా పేరే తిట్టుగా మారింది. ఏ జిల్లావాళ్లయినా సరే, తిగ్రాయ్ వాళ్లందరినీ అదే మాటతో కించపరచడం నేను విన్నాను. మీ వ్యాసంలో అగామె అనే మాట ఎక్కడైనా వస్తే అది ప్రాంతం పేరుగానే రావాలి, మనుషుల పేరుగా రాకూడదు.

చరిత్ర గది
ఈ విడిపోవడం ఎప్పుడు, ఎలా జరిగిందో తెలిస్తేనే పేర్ల గొడవ అర్థమవుతుంది. మధ్యలో మెరెబ్ అనే నది ఉంది. దానికి ఉత్తరాన ఉన్న ఎత్తైన భూముల్ని పాతకాలంలో 'మెరెబ్ మెలాష్' అనేవాళ్లు, అంటే మెరెబ్ అవతల అని. తిగ్రాయ్‌లోని తెంబియెన్ నుంచి వచ్చిన నాలుగో యొహన్నెస్ 1872లో ఇథియోపియా చక్రవర్తి అయ్యాడు. 1889లో సూడాన్ సరిహద్దున మెతెమ్మా దగ్గర యుద్ధంలో చనిపోయాడు. ఆ సందులో ఇటలీ పైకి ఎక్కి వచ్చి 1890 జనవరిలో ఎరిత్రియా అనే వలసరాజ్యాన్ని ప్రకటించింది. ఇంకా దక్షిణానికి రాబోయి 1896 మార్చి 1న అద్వా దగ్గర చిత్తుగా ఓడింది. కానీ మెరెబ్ అవతలి నేల ఇటలీ చేతిలోనే ఉండిపోయింది. ఒకే భాష మాట్లాడేవాళ్లు అక్కడ రెండు పాలనల కిందికి వెళ్లారు.

ఇటలీ కింద అస్మారాలో రైలు, కర్మాగారాలు, సినిమా హాళ్లు వచ్చాయి. తిగ్రాయ్ మాత్రం ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా పాలనలో వెనకబడిపోయింది. 1943లో అక్కడ 'వొయానె' తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణచడానికి బ్రిటిష్ విమానాలు మెకెల్లే మీద బాంబులు వేశాయి. 1975లో మొదలైన తిగ్రాయ్ ప్రజా విమోచన సంస్థ ఆ పేరునే మళ్లీ ఎత్తుకుంది. 1991లో సైనిక ప్రభుత్వాన్ని కూల్చడంలో ఎరిత్రియా పోరాట సంస్థ, ఈ సంస్థ కలిసి నడిచాయి. 1993లో ఎరిత్రియా ప్రత్యేక దేశమైంది. 1998లో బాద్మె అనే చిన్న ఊరి దగ్గర మొదలైన తగాదా రెండేళ్ల యుద్ధంగా మారి వేలాది ప్రాణాలు తీసింది. 2020 నవంబరులో మళ్లీ యుద్ధం. ఈసారి ఎరిత్రియా సైన్యం ఇథియోపియా కేంద్ర ప్రభుత్వం పక్కన చేరి తిగ్రాయ్‌లోకి వచ్చింది. ఆ నవంబరు చివర అక్సుమ్‌లో ఎరిత్రియా సైనికులు చేసిన సామూహిక హత్యలను మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. చంపినవాళ్లలోనూ, చచ్చిపోయినవాళ్లలోనూ ఒకే భాషవాళ్లు ఉన్నారు. ఇదంతా జరిగాక 'మీరంతా ఒకటే కదా' అని బయటివాళ్లు అంటే ఎవరికైనా మనసు ఎలా ఒప్పుకుంటుంది?

గోదారిగట్టు
ఈ వివరం చదివాక విషయం తెలిసింది, థాంక్స్ అండీ. మరి ఇంగ్లిష్ పాత పుస్తకాల్లో ఆ రాష్ట్రాన్నే 'టిగ్రే' అని రాశారే? రాజుల కాలం మ్యాపుల్లో కూడా అలాగే చూశాను.

మెకెల్లే మాస్టారు
అది అమ్హారిక్ భాష నుంచి వచ్చిన రూపం. రాజదర్బారు భాష అమ్హారిక్. యొహన్నెస్ తిగ్రాయ్ మనిషైనా అతని ఆస్థానంలో కూడా అదే నడిచింది. అమ్హారిక్ మాట్లాడేవాళ్లు తిగ్రాయ్ మనుషుల్ని 'తిగ్రే' అంటారు. విదేశీయులు అడిస్ అబాబా ద్వారా విన్నారు, అదే మ్యాపుల్లోకి ఎక్కింది. భాష పేరు చివర వచ్చే 'ఇన్యా' కూడా అమ్హారిక్ పద్ధతే, 'అమరిన్యా' అన్నట్టు.

ఎరిత్రియా పడమటి వైపున ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉండేది. బెని అమెర్ లాంటి సమాజాల్లో పాలించే వర్గానికి లోబడి బతికే వెట్టి జనాన్ని 'తిగ్రే' అనేవాళ్లు. ఒకే మాట అడిస్ అబాబాలో ఒక ప్రజకు పేరు, ఎర్ర సముద్రం ఒడ్డున ఇంకో ప్రజకు పేరు, పడమటి పల్లాల్లో ఒక వర్గానికి పేరు. ఇంగ్లిష్‌లో టిగ్రేయన్ అనే రూపం స్థిరపడటం వల్ల ఈ గందరగోళం చాలా తగ్గింది. తెలుగులోనూ ఆ పని జరగాలి.

వేణు_వరంగల్
పేర్ల సంగతి సరే, మన పత్రికల్లో ఇంకో మాట నన్ను చాలా బాధపెడుతుంది. 'తెగ'. ఇథియోపియా అనగానే 'టిగ్రే తెగ', 'ఒరోమో తెగ', 'తెగల మధ్య పోరు'. 2007 జనాభా లెక్కల ప్రకారమే తిగ్రాయ్ ప్రజలు దాదాపు 45 లక్షలు, దేశంలో సుమారు 6 శాతం. అక్సుమ్ రాజ్యం నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవం స్వీకరించి సొంత బంగారు నాణేలు ముద్రించింది. అక్కడి రాతి స్తంభాన్ని 1937లో ఇటలీ ఎత్తుకుపోయి 2005లో మూడు ముక్కలుగా తిరిగి పంపింది. అలాంటి చరిత్ర ఉన్న ప్రజల్ని తెగ అంటారు. అదే స్పెయిన్‌లో కాటలోనియా గొడవ వస్తే 'కాటలాన్ తెగ' అని ఎవరైనా రాశారా? ఇథియోపియా రాజ్యాంగం కూడా 'జాతులు, జాతి సమూహాలు, ప్రజలు' అనే అంటుంది. మనం కూడా 'జాతి' లేదా 'ప్రజలు' అందాం.

డెస్క్ సుధ
వేణు గారూ, ఈ మాట మా డెస్క్‌లో అందరికీ చదివి వినిపిస్తాను. మాస్టారూ, మరి 'తెగారు' అని వాళ్లు పిలుచుకునే పేరే వాడితే? అదే అన్నిటికంటే గౌరవంగా ఉంటుంది కదా.

లిపిప్రేమి
ఆలోచన మంచిదే. కానీ తెలుగులో ఆ అక్షరాలు ఇబ్బంది పెడతాయి. 'తెగారు' అని చూడగానే పాఠకుడికి 'తెగ' గుర్తుకొస్తుంది, వేణు గారు వద్దన్నదే మళ్లీ తలుపు తట్టి వస్తుంది. వ్యాసంలో ఒకచోట 'వాళ్లు తమను తెగారు అని పిలుచుకుంటారు' అని చెప్పండి. మిగతా అంతా 'తిగ్రాయ్ ప్రజలు', 'తిగ్రాయ్ అమ్మాయి', 'తిగ్రాయ్ వాళ్లు' అని రాస్తే హాయిగా చదువుకోవచ్చు. శీర్షికలో జాగా లేకపోతే 'తిగ్రాయన్లు'. 'తిగ్రాయులు' అని కూడా కట్టొచ్చు కానీ చెవికి కొత్తగా ఉంటుంది.

నీలిమ_కె
ఇప్పటిదాకా అందరూ తిగ్రాయ్ వాళ్లంటే తిగ్రిన్యా మాట్లాడేవాళ్లు అన్నట్టే రాశారు. ఆ రాష్ట్రంలో ఇరోబ్ ప్రజలు ఉన్నారు. ఎరిత్రియా సరిహద్దును ఆనుకున్న కొండల్లో ఉంటారు, మాట్లాడేది సాహో భాష, ఎక్కువమంది కాథలిక్కులు. వాయవ్యాన కునామా ప్రజలు ఉన్నారు, వాళ్ల భాషకు తిగ్రిన్యాతో చుట్టరికమే లేదు. ఈ రెండు ప్రజలూ సరిహద్దు యుద్ధాల్లో ఘోరంగా నలిగిపోయారు. వాళ్లు తిగ్రాయ్ రాష్ట్రం వాళ్లే, కానీ జాతి వేరు. కాబట్టి ఈ మాటకు రెండు అర్థాలు ఉన్నాయని ఒప్పుకోవాలి. ఒకటి రాష్ట్రానికి చెందినవాళ్లు, రెండోది ఫలానా జాతివాళ్లు. యుద్ధంలో పోయిన ప్రాణాల గురించి రాసేటప్పుడు మొదటి అర్థమే తీసుకోవాలి, లేకపోతే ఇరోబ్‌ల చావులు లెక్కలోకే రావు.

అలాగే అల్ నెజాషి మసీదు కూడా తిగ్రాయ్‌లోనే ఉంది, వుక్రో దగ్గర. ప్రవక్త కాలంలో మక్కా నుంచి వచ్చి తలదాచుకున్నవాళ్ల జ్ఞాపకంతో ముడిపడిన చోటు. 2020లో యుద్ధంలో దెబ్బతింది. తిగ్రాయ్ అంటే ఆర్థడాక్స్ క్రైస్తవులు మాత్రమే అనే బొమ్మ పాఠకుల మనసులో పడకుండా చూడండి.

మెకెల్లే మాస్టారు
నీలిమ గారు చాలా అవసరమైన మాట చెప్పారు. దానికి ఆనుకుని ఇంకొకటి. తిగ్రాయ్ ప్రజా విమోచన సంస్థ అనే పార్టీని, ప్రజల్ని కలపకండి. యుద్ధ సమయంలో 'జుంటా' (అధికార ముఠా), 'వొయానె' అనే మాటలు పార్టీతో మొదలై మామూలు జనం మీదికి దిగాయి. అడిస్ అబాబాలో హోటల్ నడుపుకునేవాడు, బ్యాంకు గుమాస్తా, ముసలి పూజారి అందరూ తిగ్రాయ్ వాళ్లు కావడమే నేరమన్నట్టు 2021 నవంబరులో మూకుమ్మడిగా అరెస్టయ్యారు. అక్కడి స్థానిక గుర్తింపు కార్డుల మీద జాతి పేరు రాసి ఉండేది. ఆ మాట ఒక మనిషిని ఇంట్లో నుంచి లాక్కెళ్లడానికి చాలింది. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎందరో రాజధానిలో ఉద్యోగాలు చేస్తుండేవాళ్లు. ఆ నెలల్లో వాళ్ల గురించి ఏ కబురూ తెలియక ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. అందుకే 'తిగ్రాయ్ తిరుగుబాటుదారులు' అన్న చోట సంస్థ పేరు రాయండి. 'తిగ్రాయన్లు దాడి చేశారు' అని రాయొద్దు.

హబ్సిగూడ శ్రీను
నాది చిన్న పక్కమాట. మా హబ్సిగూడ పేరు హబ్షీల నుంచి వచ్చిందని మా పెద్దలు చెబుతారు. ఆ హబ్షీ, ఇథియోపియా వాళ్లు వాడే 'హబెషా' ఒకటేనా?

చరిత్ర గది
మూలం ఒకటే శ్రీను గారూ. అరబ్బులు ఎర్ర సముద్రం అవతలి వాళ్లని 'హబష్' అనేవాళ్లు. అది పారసీ మీదుగా దక్కన్‌కు హబ్షీగా వచ్చింది. ఇక్కడ ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్లందరికీ, ఏ జాతి అయినా, అదే పేరు పెట్టారు. అక్కడ మాత్రం 'హబెషా' అంటే ముఖ్యంగా ఎత్తైన భూముల్లోని అమ్హారాలు, తిగ్రాయ్ ప్రజలు, ఎరిత్రియా తిగ్రిన్యాలు. విదేశాల్లో కలిసినప్పుడు వీళ్లంతా ఆప్యాయంగా వాడుకునే ఉమ్మడి పేరు అది. కానీ యుద్ధం తర్వాత చాలామంది తిగ్రాయ్ యువత ఆ పేరును వదిలేస్తున్నారు.

మనకూ అక్కడికీ సంబంధం ఇంకా పాతది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎర్ర సముద్రపు యాత్రా గ్రంథంలో అక్సుమ్ వాళ్ల రేవు అదూలిస్ ఉంది, మన కృష్ణా తీరంలోని 'మసాలియా' కూడా ఉంది. సన్నని వస్త్రాలు అక్కడ ఎక్కువగా తయారవుతాయని రాశాడు. తిగ్రాయ్‌లో తాడు పట్టుకుని ఎక్కాల్సిన దెబ్రె దామో మఠం దగ్గర వందకు పైగా కుషాణుల బంగారు నాణేలు దొరికాయి.

డెస్క్ సుధ
అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. వ్యాసంలో ఈ పేరా ఇలా పెట్టాలనుకుంటున్నాను, చూసి చెప్పండి:

'లెతెసెన్‌బెత్, గొతితోమ్ ఇద్దరూ ఇథియోపియా ఉత్తరాన ఉన్న తిగ్రాయ్ రాష్ట్రం వాళ్లు. అక్కడి ప్రధాన జాతి ప్రజలు తమను తెగారు అని పిలుచుకుంటారు, తిగ్రిన్యా మాట్లాడతారు. పొరుగున ఉన్న ఎరిత్రియాలోనూ ఈ భాష మాట్లాడేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు తమను తిగ్రాయ్ ప్రజలుగా చెప్పుకోరు. ఎరిత్రియాలోని తిగ్రే ప్రజలు మరో భాష మాట్లాడే వేరే జాతి.'

ఇంకో సందేహం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ అధనోమ్ 1965లో అస్మారాలో పుట్టారు. ఆయన్ను ఏమనాలి?

జెద్దా కబుర్లు
పేరా బాగుంది. 'వాళ్లు ఉన్నారు' అంటే ఏదో కొద్దిమంది అన్నట్టు వినిపిస్తుంది. ఎరిత్రియా జనాభాలో దాదాపు సగం వాళ్లే కాబట్టి 'దాదాపు సగం మంది ఈ భాషే మాట్లాడతారు' అని మార్చండి.

మెకెల్లే మాస్టారు
టెడ్రోస్ పుట్టినప్పుడు అస్మారా ఇథియోపియాలోనే ఉంది. కుటుంబం తిగ్రాయ్‌ది, ఆయన తిగ్రాయ్ మనిషి. పుట్టిన ఊరును బట్టి ఎరిత్రియన్ అనేయకూడదు. 'నేటి ఎరిత్రియాలోని అస్మారాలో పుట్టిన తిగ్రాయ్ జాతీయుడు' అంటే సరిపోతుంది. పేర్లను బట్టి జాతిని ఊహించవద్దని కూడా మీ డెస్క్‌లో చెప్పండి. గెబ్రె, హైలె, తెస్ఫా అని మొదలయ్యే పేర్లు అమ్హారాల్లో, తిగ్రాయ్‌లో, ఎరిత్రియాలో అంతటా ఉంటాయి.

శీర్షిక పెట్టేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. వాళ్లకు ఇంటిపేర్లు ఉండవు, రెండో పేరు తండ్రిది. 'గిదెయ్ స్వర్ణం' అంటే వాళ్ల నాన్న గెలిచినట్టు వస్తుంది. 'లెతెసెన్‌బెత్ స్వర్ణం' అని పెట్టండి.

డెస్క్ సుధ
రెండు మార్పులూ చేశాను. శీర్షికలో లెతెసెన్‌బెత్, గొతితోమ్ అనే పెట్టాను. మా స్టైల్ పుస్తకంలో 'టిగ్రే' అని ఉన్నదాన్ని 'తిగ్రాయ్' చేయమని, తిగ్రేను విడిగా చేర్చమని రేపు మీటింగ్‌లో అడుగుతున్నాను. నీలిమ గారూ, ఇరోబ్, కునామా పేర్లు కూడా అందులో ఉండాలి, వాటికి తెలుగులో ఉచ్చారణ ఇవే కదా?

నీలిమ_కె
అవే. 'ఇరోబ్'లో రో దీర్ఘం, 'కునామా'లో నా దీర్ఘం. రాసేయండి.